కోతికి దండం పెట్టి ట్రిగ్గర్ లాగితే

మా సీమ పేరు చెబితే బయటూరోళ్లకు మొదట గుర్తొచ్చేది నాటుబాంబు, తర్వాత వేటకొడవలి. ఒకసారి హైదరాబాదు లాడ్జీలో ఊరు కడప అని రాస్తే, గుమాస్తా నా సంచీని కాలితో మెల్లగా అవతలికి జరిపినాడు. దాంట్లో ఉండింది వేరుశనగల చెట్నీ పొడి. అయినా ఆయన భయాన్ని నేను చెడగొట్టలేదు. సంచీని రెండు చేతుల్తో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోని, ఒక్కో మెట్టూ ఆలోచించి ఎక్కినా. అక్కడున్నన్నాళ్లూ వేడినీళ్లు అడక్కుండానే వచ్చినాయి.

ఇట్లాంటి పేరు ఊరికే వచ్చినప్పుడు వాడుకోకపోతే పాపం తగులుతుంది. మా అక్క కూతురి పెళ్లిలో బెంగుళూరు నుంచి వచ్చిన మగపెళ్లివారు బంతిలో నా పక్కన కూర్చున్నారు. "మీ వైపు ఇంటింటికీ తుపాకులుంటాయంట కదండీ" అని అడిగినారు. నేనేం చెప్పాల? మా ఇంట్లో దోమల బ్యాటు ఉంది, అదీ ఛార్జింగు నిలవదు అని చెప్పాల్నా? అందుకని, వయసులో ఉన్నప్పుడు ఒక ఇన్‌స్పెక్టరు రివాల్వరు ట్రిగ్గర్ బిగుసుకపోతే పిన్నీసుతో సరిచేసినానని చెప్పినా. ఆ తర్వాత అది ఎంత సున్నితమైపోయిందంటే ఆయన తుమ్మితే పేలేదని, జలుబు తగ్గేదాకా ఆయన్ను ఇంటికి పంపించినారని కూడా చెప్పినా. వాళ్లు నమ్మినారు. వాళ్లు నమ్మితే నాకేం నష్టం లేదు. వెనక సాంబారు బకెట్టు పట్టుకోని నిలబడిన మా బావ కూడా నమ్మినాడు. నష్టం అక్కడ మొదలైంది.

నిజానికి నాది కడపలో ఆఫీసుల వీధిలో జిరాక్సు, లామినేషన్ షాపు. నా జీవితంలో నేను పేల్చిన అతి పెద్ద ఆయుధం స్టాప్లరు.

మా బావ, అంటే అక్క మొగుడు, బనగానపల్లెకు అవతల ఒక పల్లెలో బేనిషా మామిడితోట చూసుకుంటాడు. మనిషి మాట తక్కువ. చెట్లతో మాత్రం మాట్లాడతాడు. ఏ చెట్టు ఒక ఏడు కాసి మరో ఏడు అలుగుతుందో, ఏ కొమ్మ కాయకు తీపి ఆలస్యమో ఆయనకు తెలుసు. మా అక్కకు చెట్ల గుణాలతో పనిలేదు. ఆమెకు కాయ ఇంటికొస్తాందా లేదా, అంతే.

కాయ ఇంటికి రావడంలేదు. చుట్టుపక్కల కొండల్ని రాళ్లకోసమని మనుషులు తినేస్తే, కొండల్లో ఉండే కోతులు దిగొచ్చి మా బావ తోట తినడం మొదలుపెట్టినాయి. పూర్తిగా తింటే కూడా ఒక పద్ధతి. ఒక కాయకు ఒక కాటు, కింద పారేసేది, ఇంకో కాయ. వాటి పెద్ద ఒకటుంది, ఎర్రమొహంతో, సగం తెగిన చెవితో. బావ దాన్ని పెద్దాయన అంటాడు. పెద్దాయన కాయను కొరికి, కాసేపు ఆలోచించి, నచ్చలేదన్నట్టు మా బావ వైపు చూసి వదిలేస్తుంది.

పోయిన ఏడు తోటంతా అట్లా కాట్ల పాలైనాక అక్క తేల్చి చెప్పింది. "ఈ తూరి కూడా కాయ వాటికే పోతే చెట్లు కొట్టించేద్దాం. సోలార్ పలకలోళ్లు భూమి అడుగుతాండారు, ఇచ్చేద్దాం. పలకల్ని ఏ కోతీ కొరకదు."

బావ ఆ పూట అన్నంలో మజ్జిగ పోసుకోకుండానే లేచినాడు. మా బావకు అది గొంతెత్తి ఏడ్చినంత.

మొదట టపాకాయలు కాల్చినాడు. ఎండుగడ్డి అంటుకోని, కోతుల కన్నా ముందు మేమే పరుగెత్తినాం. తర్వాత దూది కుక్కిన పులి బొమ్మ తెచ్చి కొమ్మ కింద నిలబెట్టినాడు. రెండు దినాలు కోతులు రాలేదు. తర్వాత వచ్చి, పులి వీపు మీద కూర్చోని ఒకదానికొకటి పేలు చూసుకున్నాయి. ఆ ఎత్తులో కూర్చుంటే పేలు బాగా కనిపిస్తాయేమో.

అప్పుడు అల్లుడు బెంగుళూరు నుంచి వస్తా ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలు ఒకటి తెచ్చిచ్చినాడు. చూసేదానికి అచ్చం తుపాకే. గ్యాసు నింపితే, మిరియపు గింజ కన్నా కొంచెం పెద్ద ప్లాస్టిక్ గుండ్లు కొడుతుంది. మూతి కాడ నారింజ రంగు పూసుంటారు, బొమ్మ అని తెలిసేదానికి. బెంగుళూరులో ఆఫీసోళ్లు ఆదివారం కళ్లద్దాలు పెట్టుకోని వీటితో ఒకరినొకరు కాల్చుకుంటారంట.

"దుడ్లిచ్చి మరీ కాల్పించుకుంటారా?" అనింది అక్క. "మన పక్క ఒక కాలంలో ఊరికే అయ్యేది."

అయితే మా బావ ఆంజనేయస్వామి భక్తుడు. శనివారం ఒంటిపూట. కోతి మీద గుండు పడడానికి వీల్లేదు. అందుకని కొమ్మ కొమ్మకూ ఖాళీ నూనె డబ్బాల రేకులు వేలాడదీసినాడు. కోతి కాయ మీద చెయ్యి వేయగానే పక్కనున్న రేకు 'టంగ్' అనాల. అది అదిరి పారిపోవాల. ఏర్పాటు బాగుంది. కానీ రేకు టైముకు మోగడంలేదు. మోగినా వేరే కొమ్మది మోగుతాంది.

అప్పుడొచ్చింది నాకు ఫోను.

"బామ్మర్దీ, యాడుండావు?"

"షాపులో బావా."

"ఈ తుపాకి ట్రిగ్గర్ లాగితే రాలేదప్పా. గట్టిగా లాగితే మూతి పక్కకు పోతాది. నువ్వు ఇన్‌స్పెక్టరుది బాగుచేసినావు కదా. పిన్నీసు ఎత్తుకోని రా."

"ఆ పని వదిలేసి శానా కాలమైంది బావా. చెయ్యి తిరగదు."

"ఈత మర్చిపోతారా ఎవరన్నా" అన్నాడు.

నాకు ఈత కూడా రాదు. కానీ తుంగభద్ర వరదలో అడ్డంగా ఈదిన సంగతి అంతకుముందే ఒకసారి ఆయనకు చెప్పి ఉన్నా. ఒక అబద్ధాన్ని కాపాడేదానికి ఇంకో అబద్ధం అడ్డమొస్తే మనిషి బస్సెక్కక తప్పదు.

దారి పొడుగునా ఫోన్లో వీడియోలు చూసినా. ఎవరో తెల్లాయన అట్లాంటి పిస్తోలునే విప్పి చూపిస్తాన్నాడు. ఆయన మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు అర్థమైనాయి. బస్సు దిగేసరికి పక్క సీటాయన నన్ను దండం పెట్టి సాగనంపినాడు. కడపలో ఎక్కినా కదా.

పోయేసరికి బావ అరుగు మీద పాత పంచె పరిచి, దాని మీద పిస్తోలు పెట్టి, పక్కన పిన్నీసు కూడా సిద్ధంగా పెట్టుకోని కూర్చున్నాడు. నేను దాన్ని చేతికి తీసుకోని, ఒక కన్ను మూసి, మళ్లీ రెండో కన్ను మూసి చూసినా. డాక్టర్లు నాడి పట్టుకునేటప్పుడు పెట్టే మొహం ఒకటుంది. దాన్ని పెట్టినా.

ఈ పిస్తోలు కథ చిన్నదే. లోపల సుత్తి లాంటిది ఒకటుంటుంది. దాన్ని ఒక కొక్కెం పట్టుకోని ఉంటుంది. ట్రిగ్గర్ లాగితే కొక్కెం వదలాల, సుత్తి పోయి కొట్టాల, గ్యాసు గుండును తోయాల. ఆ లాగుడులో మూడు అంకాలు. మొదట కొంతదూరం ఊరికే వస్తుంది, ఏమీ జరగదు. తర్వాత గోడకు తగిలినట్టు ఆగుతుంది. ఇంకా బలంగా లాగితే ఒక్కసారిగా వదిలేస్తుంది, అప్పటికి మన గురి ఎటో పోయుంటుంది. ఆఫీసుల వీధిలో ఇన్నేళ్లు కూర్చున్నవాడిని, నాకిది కొత్తేమీ కాదు. మొదట 'రేపు రాప్పా', తర్వాత 'సారు లేడు', చివరికి సంతకం పడేసరికి అర్జీ పెట్టుకున్నాయన ఉండడు.

విప్పి చూస్తే లోపలంతా ఎర్రగా, జిగటగా ముద్ద. వేలితో తీసి వాసన చూసినా.

"బావా, దీంట్లో ఏం పోసినావు?"

"శనగనూనె."

"ఎందుకు?"

"బిగుసుకోని ఉండాది కదప్పా."

మా బావకు లోకంలో ఏది బిగుసుకున్నా శనగనూనే మందు. మోటారుకు, తలుపు బందులకు, ఎద్దు కొమ్ములకు, తన మోకాళ్లకు ఒకే గిన్నెలోంచి రాస్తాడు. మా గాలిలో సగం దుమ్మే. ఆ ఎర్రమట్టి దుమ్మంతా నూనెకు అతుక్కోని లోపల చెట్నీ అయిపోయింది. ఇట్లాంటి వాటికి సిలికాన్ నూనె ఒక్క చుక్క, అదీ తాకీ తాకనట్టు వేయాలంట. వీడియోలో తెల్లాయన చూపించినాడు. ఆయనది వానపడే ఊరు మాదిరి ఉంది.

ముద్దంతా సబ్బునీళ్లలో, పాత పళ్ల బ్రష్షుతో కడిగి నీడలో ఆరబెట్టినా. కొక్కెం సుత్తిని పట్టుకునే చోట గరుకుగా ఉంటే, పెయింటర్లు వాడే వాటర్ పేపరు సన్నది తీసుకోని అద్దం మాదిరి నున్నగా రుద్దినా. లాగిన ట్రిగ్గర్‌ను మళ్లీ ముందుకు తోసే స్ప్రింగు మరీ బలంగా ఉంది. దాన్ని తీసి షాపునుంచి తెచ్చుకున్న జెల్ పెన్ను స్ప్రింగు వేసినా. ఊరికే వచ్చే ఆ మొదటి లాగుడు తగ్గించేదానికి ట్రిగ్గర్ వెనక లామినేషన్ ముక్క ఒకటి పొర మాదిరి అతికించినా. ఎవరిదో రేషన్ కార్డు అంచు కత్తిరించగా మిగిలిన ముక్క. ప్రభుత్వ పథకం నేరుగా రైతుకు అందింది అని నాలో నేనే అనుకున్నా. పిన్నీసు మాత్రం దేనికీ పనికిరాలేదు. బావ బాధపడతాడని ఒకసారి లోపల పెట్టి తీసినా.

బావ పోయి రేకుకు గురిపెట్టి లాగినాడు. 'టంగ్'. మళ్లీ లాగినాడు. 'టంగ్'. అరిగిన తాళంలో కొత్త తాళంచెవి తిరిగినట్టు, వేలికి తెలియకుండా వదులుతాంది.

"ఇన్‌స్పెక్టరు అదృష్టవంతుడు" అన్నాడు బావ.

తెల్లారి కోతులొచ్చినాయి. ముందు పెద్దాయన, వెనక సంసారం. నేను మోటారు షెడ్డు నీడలో నా పనితనం చూసుకుందామని నిలబడినా. పెద్దాయన ఒక కాయ మీద చెయ్యి వేసింది. బావ ముందుకొచ్చినాడు. వచ్చి, పిస్తోలు చంకలో పెట్టుకోని, రెండు చేతులు జోడించి, కళ్లు మూసుకోని, "స్వామీ, తప్పైతే మన్నించు, పొట్టకూటికి చేస్తాండా" అని దండం పెట్టినాడు. పెట్టి, కళ్లు తెరిచి, చంకలోంచి పిస్తోలు తీసి, గురి చూసి కాల్చినాడు. రేకు మోగింది. పెద్దాయన అప్పటికి ఆ కాయ కొరికి, పారేసి, మూడో చెట్టు మీద ఉంది. అక్కడ్నుంచి రేకు వైపు తిరిగి చూసింది, నాటకంలో గంట కొట్టేవాడు ఆలస్యంగా కొడితే వేషగాడు చూసినట్టు.

"బావా" అన్నా. "ఆలస్యం ట్రిగ్గర్‌లో లేదు. దండంలో ఉండాది."

"దండం పెట్టకుండా ఎట్ల కాల్చేదప్పా? ఆయనకూ నాకూ పగ ఏమన్నా ఉందా?"

"కాల్చేది రేకును కదా."

"రేకు పక్కన ఎవరుండారు?"

"పోనీ, పొద్దున ఇంట్లో ఒకసారి అందరికీ కలిపి పెట్టుకోని రా."

"ఏ కోతి వస్తాదో తెలీకుండా ఎవరికని పెట్టేది?"

"కాల్చినాక పెట్టు, అట్లయితే."

"కాల్చినాక పెడితే అది క్షమాపణ. ముందు పెడితే మర్యాద" అన్నాడు బావ. "క్షమాపణ అడిగే పని నేనెందుకు చేస్తా?"

మనిషి మారడు కాబట్టి యంత్రాన్నే మార్చాల. భక్తిలో పోయిన టైమును ట్రిగ్గర్‌లో మిగిలించాల. మళ్లీ విప్పి కూర్చున్నా. కొక్కెం అంచును ఇంకా రుద్దినా, ఇంకా రుద్దినా. లామినేషన్ పొర ఇంకోటి వేసినా. చివరికి ఎట్లయిందంటే, ఈగ వచ్చి ట్రిగ్గర్ మీద వాలితే నేను ఊపిరి బిగపట్టేవాణ్ని. నిజంగా ఒక ఈగ కాల్చింది కూడా. అది గురి బాగానే పెట్టింది గానీ, రేకు తప్పిపోయింది.

ఇంకో సలహా కూడా ఇచ్చినా. "చంకలో పెట్టడం, తీయడం మానుకో బావా. పిస్తోలు చేతిలో ఉండగానే దండం పెట్టు. దించగానే కాల్చు."

ఆ సలహా విని అక్క నా వైపు అదో మాదిరి చూసింది. అప్పుడే నేను ఆగాల్సింది.

సాయంత్రం కోతులొచ్చినాయి. పెద్దాయన కాయ మీద చెయ్యి వేసింది. బావ ముందుకొచ్చి, రెండు అరచేతుల మధ్య పిస్తోలుతో చేతులు జోడించినాడు. జోడించడమే ఆలస్యం, అది పేలింది. గుండు ఆకాశంలోకి పోయి ఎటు తిరిగిందో, పెద్దాయన వెనకున్న రేకు మోగింది. బావ బిత్తరపోయి చేతులు ఇంకా గట్టిగా కలిపినాడు. ఇంకోటి పేలింది, మోటారు షెడ్డు రేకు దడదడలాడింది. "స్వామీ, స్వామీ" అంటా ఆయన చేతులు వదలడు, అది పేలడం ఆపదు. ఒకటి నా నుదుటికి తగిలింది. చివరిది అక్క చేతిలో మజ్జిగ చెంబుకు.

కోతులకు ఇన్నాళ్లూ ఒక లెక్క ఉండింది. గొట్టం ఎటు చూస్తే అటు మోగుతుంది, దాన్ని వదిలి పక్క కొమ్మకు పోతే చాలు. ఇప్పుడు గొట్టం చూసేది పైకి, మోగేది నాలుగు దిక్కులా. పెద్దాయన నోట్లో కాయ నోట్లోనే ఉండగా గోడ దూకింది. వెనక సంసారమంతా పిల్లల్ని కరుచుకోని పరుగు.

అక్క మజ్జిగ తుడుచుకుంటా నా దగ్గరికొచ్చి నా నుదురు చూసింది. బొప్పి కట్టింది.

"ఏమ్రా" అనింది. "ఇన్‌స్పెక్టరుది కూడా ఇట్లే చేసినావా?"

నేను ట్రిగ్గర్‌ను పాత మాదిరి చేసేస్తానన్నా. బావ ఒప్పుకోలేదు. "నేను కాల్చలేదు కదప్పా. దండం పెట్టినా. ఆ స్వామే కాల్పించుకున్నాడు" అన్నాడు. ఆయన మొహంలో అంత తేట నేనెప్పుడూ చూడలేదు. పాపం పూర్తిగా నా ఖాతాలోకి, పుణ్యం ఆయన ఖాతాలోకి పోయేటట్టు యంత్రం తయారైంది. ఇట్లాంటిది కనిపెట్టేదానికి పెద్ద పెద్ద ప్రభుత్వాలు తన్నుకులాడతాండాయి.

నేను కడపకు వచ్చేసినా. కోతులొచ్చినప్పుడల్లా బావ అట్లే దండం పెడతా, పేలుస్తా ఉన్నాడంట. కాయ పక్వానికొచ్చే రోజుల్లో అక్క ఫోను చేసి రమ్మనింది. తోట చూసేదానికి మండీ వ్యాపారి వస్తాడంట. ఆయన చూసి కాయ బాగుందంటే సరే, లేదంటే మర్నాడే పలకలోళ్లను రమ్మని చెప్పేస్తుందంట. "నువ్వుంటే మీ బావ ఏడవడు" అనింది. నన్ను పిలిచిన కారణం అదీ.

పోయేసరికి బావ మొహం వాడిపోయుంది. పిస్తోలులో గ్యాసు అయిపోయింది. అల్లుడు పంపిన డబ్బా దారిలో యాడో ఆగిపోయింది. వ్యాపారి బండి గట్టు మీద ఆగుతాన్నప్పుడే గోడ మీద తల కనిపించింది. సగం తెగిన చెవి. పెద్దాయన దిగి, తోటలో అన్నిటికన్నా మంచి కాయ ఉన్న కొమ్మ ఎక్కింది. అన్ని రోజులు ఓర్చుకున్న ఆకలంతా దాని మొహంలో ఉంది. బావ చేతిలో ఏమీ లేదు. చెట్టు కిందికి పోయి నిలబడినాడు. ఈసారి ఆయన దండం వేరేగా ఉండింది. కాల్చే ముందు పెట్టేది కాదు. నిజంగా అడుక్కునేది. చెట్టును వదిలెయ్ అని.

చేతులు కలిసినాయో లేదో, పెద్దాయన కెవ్వుమని కొమ్మ వదిలేసింది. వెనక వస్తాన్నవన్నీ గోడ మీదినుంచే వెనక్కి తిరిగినాయి. ఆకు కూడా రాలలేదు.

బావ కళ్లు తెరిచి, పైకి చూసి, తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

వ్యాపారి కాయ పట్టుకోని బరువు చూసినాడు, వాసన చూసినాడు, తల ఊపినాడు. ఆయన పోయినాక అక్క చెంగుతో మొహం తుడుచుకోని, "పలకలోళ్లకు రావద్దని చెప్పేస్తా" అనింది. "చెట్లేం చేసినాయి పాపం" అని, ఎవరో వేరేవాళ్లు కొట్టించమన్నట్టు బావ వైపు చూసింది. ఆ పూట బావ రెండుసార్లు మజ్జిగ పోయించుకున్నాడు.

కాయ కోసే రోజులు సరిగ్గా ఓట్ల కాలంలో పడినాయి. ఒకరోజు మేము చెట్ల కింద కాయ ఏరుతా కూర్చోనుంటే, ఒక నాయకుడు మందిని వెంటేసుకోని తోటలోకే వచ్చినాడు. కోతులు ఆశ చావక ఇంకా గోడ మీదే కూర్చోనున్నాయి. నాయకుడు దారి మొదట్లోనే మమ్మల్ని చూసి, నవ్వుతా రెండు చేతులు తలమీదికెత్తి జోడించినాడు.

గోడ మీద ఒక్క కోతి మిగల్లేదు. పెద్దాయన పోతా పోతా వెనక్కి చూసి, మమ్మల్ని కూడా రమ్మన్నట్టు అరిచింది.

మేము యాడికీ పోలేదు. లేచి నిలబడి తిరిగి దండం పెట్టినాం. నాయకుడికి కోతులు పారిపోవడం శానా నచ్చింది. మనమొస్తే ఇట్లుంటాది అన్నట్టు అనుచరుల వైపు చూసినాడు. బావ మర్యాదస్థుడు, ఏరిన వాటిలో మంచి కాయలు బుట్టలో పెట్టి ముందుంచినాడు. నాయకుడు ఒక కాయ తీసుకోని తొక్కతోనే ఒక కాటు కొరికినాడు. "బాగుండాది" అని దాన్ని గోడ మీద పెట్టి, ఇంకోటి తీసుకోని కొరికినాడు. అది కూడా పక్కన పెట్టి, మూడోదానికి చెయ్యి చాపినాడు.

బావ చెయ్యి అలవాటుగా చంక కిందికి పోయింది.

"గ్యాసు లేదు బావా" అన్నా మెల్లగా.